లోడు

జూరాల కింది బండల మీద
పొద్దు కుంకే ముందటి పావుగంటల
మూడో క్లిక్కుకే లైటు సచ్చింది.
పెండ్లికూతురు నవ్వు పట్టుకొని అట్లనే నిలబడ్డది.
పెండ్లికొడుకు చెయ్యి దించాల్నా వద్దా అని చూస్తున్నడు.
డబ్బా మీది పచ్చబుగ్గ మాత్రం
నాకేం తెల్వదన్నట్టు వెలుగుతనే ఉన్నది.

బీచుపల్లీ, చార్జింగు పెట్టినవా లేదా రా?
పెట్టిన అన్నా. రాత్రంత పెట్టిన.
మరి ఇదేంది?

వాడు వైరు పీకి మళ్ల గుచ్చిండు.
ఫ్యూజు తీసి ఆకాశానికి పట్టి చూసిండు,
వెంట్రుకంత తీగ, తెగలే.
పిన్నులను బ్లేడుతోని గీరి అంగీ కొసతో తుడిచిండు.
తల మార్చినం. రెండుసార్లు టప్పుమన్నది.
మూడోసారి సన్నగ మూల్గి ఊకున్నది.
అంతల్నే పొద్దు నీళ్లల్ల పడ్డది.

ఇది మూడో పెండ్లి.
మల్దకల్‌ల గిట్లనే అయింది. ధరూరుల గిట్లనే.
మూడుసార్లూ వాణ్నే తిట్టిన.
ఈసారి పార్టీ ముందట తిట్టిన,
కూలిల రెండొందలు పట్టుకున్న.
వాడేమనలే. స్టాండ్లు మడిచి ఆటోల పెట్టి
డబ్బాను భుజం మీదికెల్లి మెల్లగ దించి,
చంటిపిల్లను దించినట్టు దించి,
పోయిండు.
తెల్లారి రాలే.
పత్తిసీడు చేన్లకు పోతున్నడని ఎవరో అన్నరు.

అయిజల మందు పంపులు బాగుచేసే జైబున్నిసా దుకాణం.
గోడకు ఇరవై పంపులు,
పసుపువి, నీలంవి,
వీపుల్లేకుండ వేలాడుతున్నయి.
కెమెరావాళ్లకు నా దగ్గరేం పని భయ్యా, అని నవ్వి
నాలుగు మరలిప్పింది.
మళ్ల నవ్వింది.
ముప్పై రెండు వేల డబ్బాల
ఆ గోడమీది పంపులల్ల ఉండే బ్యాటరీలే రెండు
పక్కపక్కన పండుకొని ఉన్నయి.

మీటరు పెట్టింది. పన్నెండు పాయింట్ ఏడు.
రెండోదానికి పెట్టింది. అదీ అంతే.
బాగనే ఉన్నయి గదా, అన్న నేను,
ఎందుకో వాటి దిక్కు మాట్లాడుతూ.
పని చెప్పనప్పుడు అందరు బాగనే ఉంటరు,
అని బండి హెడ్‌లైటు బల్బు తెచ్చి తగిలిచ్చింది.

మొదటిది పన్నెండు కాడ కాళ్లూనుకొని నిలబడ్డది.
రెండోది
పదకొండు
పది
ఎనిమిదిన్నర.
బల్బుల తీగ ఆరిపోయే బీడీ లెక్క ఎర్రగయింది.
బల్బు పీకేసింది.
నిమిషం కాలే, అంకె మళ్ల పన్నెండు దాటింది
ఏమెరగనట్టు.

లోపట ఆరు గదులుంటయి. ఒకటి ఎండింది.
ఎంతసేపు పెట్టినా దండుగే.
పెట్టినోనిది తప్పు కాదు.

ఆమెకు బీచుపల్లి సంగతి నేను చెప్పలే.

ఒక్కటే మారుస్తే పాతది కొత్తదాన్ని గుంజుతదన్నది.
రెండూ మార్చమన్న.
ఆమె వైర్లు అతికిస్తుంటే
సంచి పక్కజేబుల కొత్త ఫ్యూజు కోసం దేవులాడిన.
ఫ్యూజుల కింద పెండ్లిపత్రిక ముక్క,
వెనక బాల్‌పెన్ను రాత:

'తొమ్మిదికి పెట్టిన. అయిదుకు తీసిన. పచ్చ.'
'ఎనిమిదిన్నరకు పెట్టిన. ఆరుకు తీసిన. పచ్చ.'
'రెండుకు కరెంటు పోయింది. మూడుకు వచ్చింది.
లేసి చూసిన. పచ్చ.'

అట్ల పదకొండు రాత్రులు.

ముప్పైసార్లు కొట్టి చూడు, అన్నది జైబున్నిసా.
కొట్టిన.
గోడమీది పంపులు ముప్పైసార్లు తెల్లబడ్డయి.
ఆమె నోట్లోనే లెక్కపెట్టుకుంటున్నది.
ఇరవై ఏడు కాడ ఎవరో పిల్లగాడు
తలుపు కాడికొచ్చి మెరుపులనుకొని మొగులు చూసిండు.

పాతవి తూకమేసి మూడొందల అరవై చేతిల పెట్టింది.
అందుల రెండొందలు వేరే జేబుల పెట్టుకున్న.

బయటికొచ్చి ఫోను కలిపిన.
చేనుగట్టు మీద
సద్దిమూట కాడ మోగుతుండొచ్చు.
మొగ్గలకు పుప్పొడి రాసే చేతులు
రెండూ ఖాళీగుండయి.
ఎత్తలే.
మళ్ల చేసిన.

ఏమని మొదలుపెట్టాల్నో
ఇంకా అనుకోలే.