పటర్ తలకాయంత ఎడం

ఒరే బైరాగీ, ముందు సెప్పులు ఇప్పీ.
గ్రీను అంటారు గానీ ఇక్కడ గడ్డి లేదు,
ఇసకలో కాలిన ఇంజనాయిలు కలిపి
గొట్టం లాగి సదును సేసిన నల్లటి వాకిలి.
పాదం పడితే పడ్డట్టే ఉంటాది,
నీదైనా, సాబత్ బాబుదైనా.

బంతికీ కన్నానికీ నడమ
కంటికి ఆనని దారి ఒకటుంది.
బంతి ఎవరిదో దారి వాళ్లది.
సుట్టూ తిరిగి రా,
పడుకున్నోడి కాళ్లు దాటవు కదా, అలాగ.

ఇప్పుడు బిళ్ల.
బంతి ఎనక బిళ్ల ఎట్టు,
ఆ తరవాతే బంతి ఎత్తు.
ముందు ఎత్తీసి తరవాత ఎట్టేవనుకో,
అది గుర్తు కాదు, నీ మాట.
మాటకి గోపాలపూర్ గాలి తగిలితే జరిగిపోతాది.

నీ బిళ్ల ఎదటోళ్ల దారికి అడ్డవైతే
ఆళ్లు అడక్కముందే నువ్వడుగు:
"జరపమంటారా, ఆజ్ఞా?"
జరిపితే పటర్ తలకాయంత, అంతే.
అదీ నిలకడైన దేనికేసో సూటిగా.
పడవకేసి కాదు, పడవ ఎళ్లిపోతాది.
ఆవుకేసి అసలే కాదు.
అదిగో, సరుగుడు తోపు మీంచి లైటుహౌసు,
దానికేసి.
ఆళ్లు కొట్టేక అదే దారిన ఎనక్కి తే.
జరపడం అందరికీ గుర్తుంటాది.
ఎనక్కి తేవడవే.

నవ్వకు.
మొన్న మాఘంలో కప్పు ఆట, తొమ్మిదో కన్నం,
సాబత్ బాబు బిళ్లని లైటుహౌసుకేసి జరిపింది
ఈ సెయ్యే.
మేజరుగారు కొట్టేరు, తప్పింది.
అందరూ ఆ బంతినే సూత్తన్నారు.
బాబు జరిపిన సోటే బంతి ఎట్టి కొట్టేరు.
అది కన్నంలో పడిన సప్పుడు
ఇప్పటికీ ఇనిపిత్తంది.
సప్పట్లు. బరంపురం నించి తెచ్చిన ఛెనాపొడ.
నాకు రెండొందలు, ఎప్పుడూ ఇచ్చేదానికి రెట్టింపు.
సెప్దావని నోరు తెరిసేను.
ఛెనాపొడ తిన్నాను.

ఆ రేత్రి నిద్ర పట్టలేదు.
అమ్మ గుర్తొచ్చింది.
పెద్ద గాలివాన ఎళ్లిపోయిన తెల్లారి
ఆర్జిపల్లిలో ఏ ఇల్లు ఎక్కడుండేదో
ఇసకకి కూడా తెలీలేదు.
మాకూ కొర్లయ్యోళ్లకీ నడమ గుర్తు ఒక మునగ సెట్టు,
అదీ లేదు.
అమ్మ మూరలేసి కొలిసింది.
పొయ్యి రాళ్లు ఎట్టేముందు
జానెడు మనేపే లోపలికి జరిగింది.
"మనది మనవే తగ్గించుకోడవేటే?" అన్నాడు అయ్య.
"గుర్తు పోయినకాడ అనుమానం మనమీదే ఏసుకోవాల" అంది.
మంచి మనిసని సెప్పట్లేదురా,
మర్నాడే కొర్లయ్య పెళ్లాన్ని జుట్టు పట్టుకుని తిట్టింది,
అది ఏరే సంగతి, కోడిపెట్ట గురించి.

పొద్దున్నే ఎళ్లి సెప్పేను.
బాబు పేపరు సదువుతన్నారు.
సదువుతానే ఉన్నారు.
గేటుకాడికొచ్చేసేక పిలిసేరు: "ఎంత?"
"పటర్ తలకాయంత, ఆజ్ఞా."
రెండు దెబ్బలు కలిపితే
కప్పు మేజరుగారింటికి ఎళ్లిపోయింది.
ఆరు నెలలు బాబు సంచి ఇంకోడు మోసేడు.
నాను వలలు అల్లేను.
నిజం కూడెట్టిందా అంటే, ఎట్టలేదు.

వానలు ఎలిసేక ఒకనాడు
ఆయనే వలల కొట్టాంకాడికొచ్చి
ఈ బిళ్ల నా సేతిలో ఎట్టేరు.
నడమ సిల్లున్న పాత కానీ, ఆళ్ల నాన్నదంట.
ఏటీ అన్లేదు. నానూ అన్లేదు.

ఇదిగో, తీసుకో, దాసుకోడానికి కాదు.
ఎట్టు.
అలాగ కాదు, బంతి ఎనక.
ఆఁ. ఇప్పుడు ఎత్తు.
ఆగాగు,
పొద్దు వాలింది, సూసుకోవేటి,
నీ నీడ మేజరుగారి దారి మీద పడింది.
జరుగు.