కొసరు

బ్రాండన్ ఊళ్ళో మా పళ్ళ ల్యాబు వెనక గోడకి
మోకాలెత్తున ఒక ప్లగ్గు.
పైన రేకు మూత. దాని స్క్రూ ఒకటి ఎప్పుడో ఊడిపోయింది.
అరవై చలికాలాలు అది
పెట్రోలు బళ్ళ ఇంజన్లు గడ్డకట్టకుండా కాచింది.
ఎవరూ లెక్క అడగలేదు.

నా సెకండ్‌హ్యాండ్ కారు తీగ తగిలించిన మర్నాడే
అద్దం మీద చీటీ:
"ఈ కరెంటు ఏ ఖాతాలో రాయాలి? - ఎల్ఫ్రీడా పెన్నర్, పద్దులు."
మర్యాదగానే రాసింది.
చదివితే మాత్రం
ఎవడబ్బ సొమ్మని అన్నట్టే ఉంది.

నేనుండేది మూడో అంతస్తు.
కిటికీలోంచి తీగ వేలాడదీస్తానంటే
ఇంటాయన నవ్వాడు, ఒప్పుకోలేదు.
అంచేత పై దవడ ఆర్డరు కాగితం ఒకటి వెనక్కి తిప్పి
పన్నెండు ఆంపియర్లు, ఎనిమిది గంటలు,
పదకొండున్నర యూనిట్లు, డాలరు మీద పదిహేను సెంట్లు
అని వేసి ఆవిడ బల్ల మీద పెట్టాను.
కళ్ళజోడు సర్దుకుని చూసింది.
ఆ రోజునుంచి ఒక కాఫీ డబ్బా,
దాని పక్కన ఒక నోటుపుస్తకం.

ఇక్కడ కారు కరెంటు తాగదు, చప్పరిస్తుంది.
గంటకి ఇంత అని చెప్పుకునేది కాదు, గంటకి ఇంతే.
జనవరిలో అదీ లేదు.
వచ్చిన కరెంటు ముందు బ్యాటరీ వణుకు మాన్పడానికే పోతుంది,
వండినది వంటవాడికే చాలినట్టు.
మిగిలిందేదో చక్రాలకి.
కొట్టువాడు తక్కెడ దించాక
గుప్పెడు చిక్కుళ్ళు పైన పడేస్తాడే, అంత.

రెండో వారం లిగాయా చేపల పులుసు వేడిచేయబోయింది.
టప్.
పులుసు చల్లారింది, దీపాలు ఆరాయి,
ఓవెన్లో ఎవరిదో కింది దవడ సగం ఉడికి ఆగింది.
ఒకే తీగ మీద నా కారూ, ఆమె పులుసూ, ఆ దవడా!
యజమాని డెజార్లే గోడలోని మీట పైకి నెట్టి
ఎవరినీ ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు.
అది తిట్టినదానికన్నా ఎక్కువైంది.
ఒప్పందం చేసుకున్నాం:
పన్నెండింటికి నేను బయటికెళ్ళి ప్లగ్గు పీకాలి,
పన్నెండున్నరకి మళ్ళీ పెట్టాలి.
నోటుపుస్తకంలో ఏడు సెంట్లు తగ్గాయి.

ముప్పై ఒకటి సున్నాకి కింద ఉన్న గురువారం.
మనవరాలి పెళ్ళి ఫొటోలకని
ఒక పెద్దాయనకి ముందుపళ్ళు సాయంత్రానికల్లా కావాలి.
ఆయన పాత ఫొటో దగ్గర పెట్టుకుని
రెండో పన్ను కొద్దిగా పక్కకి వాలేలా చెక్కుతున్నాను;
నవ్వితే ఆయనే అనిపించాలి కదా.
టైం మర్చిపోయాను.

ముక్కుకి పులుసు వాసన తగిలాక గుండె జారింది.
టప్ అనలేదే?

కిటికీ మంచు గోటితో గీకి చూస్తే
ఎల్ఫ్రీడా.
డెబ్భై దగ్గరపడిన మనిషి,
డెజార్లే కోటు తొడుక్కుని,
మంచులో ఒక మోకాలు ఆన్చి,
కట్టెలా బిగిసిన తీగని రెండు చేతులా లాగుతోంది.
వచ్చింది తీగ. ఆవిడ వెనక్కి తూలి,
గోడ పట్టుకుని నిలబడి, గడియారం చూసుకుంది.

అరగంట తర్వాత మళ్ళీ వెళ్ళింది.
నేను లేవబోతే లిగాయా నా చెయ్యి పట్టుకుని ఆపింది.
"నువ్వు చూసినట్టు ఆవిడకి తెలియకూడదు" అంది.

సాయంత్రం మీటరు ఇరవై రెండు చూపించింది.
ఇల్లు పదమూడు.
దారంతా హీటరు ఆపేసి, టోపీ చెవులమీదికి లాక్కుని,
పక్కసీట్లో ఎవరో ఉన్నట్టు
మెల్లిగా నడిపాను.

శుక్రవారం పొద్దున ప్లగ్గు దగ్గర వంగితే
రేకు మూత కదల్లేదు.
పాత మూడు స్క్రూల సరసన కొత్తది,
ఇత్తడిది,
వాటితో ఏమాత్రం కలవకుండా మెరుస్తోంది.

డబ్బాలో డాలరూ ఎనిమిది సెంట్లు వేసి
పుస్తకం తిరగేశాను.
తేదీ ఉంది, యూనిట్లున్నాయి,
అరగంట తగ్గింపు ఎర్రసిరాతో ఉంది.

స్క్రూ ఎక్కడా లేదు.