ఎనిమిదీ ముప్పావు

కలుపు తీసే రోజుల్లో పుట్టానని
నాకు అదోయో అని పేరు పెట్టారు.
ఏది పైరో ఏది కలుపో
పుట్టుకతోనే తెలుస్తుందనుకున్నారు కాబోలు.

కిసుము బస్టాండు వెనక, జిరాక్సు కొట్టు పైన
ఇద్దరికీ ఒకటే గది.
సరస్సు మీంచి లేచిన పురుగుల మేఘం
బల్బుని కమ్మేసిన రాత్రి
నెకెసా ఫోనులోకి దిగింది ఆ ఫైలు.
నూట ఇరవై ప్రశ్నలు, కింద జవాబుల అక్షరాలు.
ఎవరు పెట్టారో లేదు. ఏ ఏటిదో లేదు.
పోయినేటిదైతే చదువు,
ఎల్లుండిదైతే దొంగతనం.
తేదీ ఉండే మూలని ఎవరో కత్తిరించేశారు,
తాజాదో కాదో కళ్లు చూసి చెప్పకుండా
చేప తల కోసేసినట్టు.

"అడక్కు" అంది నెకెసా.
"అడిగితే తెలిసిపోతుంది."

మా ట్యూటరు పాత పేపర్లు కుట్టి
మూడొందల షిల్లింగులకి అమ్ముతాడు.
దాన్ని సాధన అంటారు.
కొనలేక, కిటికీ పక్కన నిలబడి విన్నదాన్ని
ఏమంటారో ఎవరూ చెప్పలేదు.
ఇది ఊరికే వచ్చింది.

మా అమ్మ సంతలో ఒమెనా అమ్ముతుంది,
ఎండు చిట్టిచేపలు, డబ్బా కొలతన.
ఆ డబ్బా అడుగు లోపలికి సొట్ట.
చిన్నప్పుడు వేలు పెట్టి తడిమితే
చేతి మీద ఒక్కటేసింది.
నా ఫీజు కట్టింది ఆ సొట్టే.
ఇక ఆ రాత్రి
ఎవరి మీదని కోపం తెచ్చుకోను?

నెకెసా అక్షరాలు వల్లించింది:
బి, డి, డి, ఎ,
జపమాల తిప్పినట్టు.
నేను పెన్సిలు తీశాను.
మంచిదాన్నని కాదు,
నాకు బట్టీ అంత తొందరగా ఎక్కదు.

అరవై రెండో ప్రశ్న.
పద్నాలుగు కిలోల బిడ్డ. జ్వరం.
కిలోకి పదిహేను మిల్లీగ్రాములు.
సీసాలో ఐదు మిల్లీలీటర్లకి నూట ఇరవై.
ఎంత పోస్తావు?

నాకొచ్చింది ఎనిమిదీ ముప్పావు.
ఫైలు అంది: సి, పదిన్నర.
మళ్లీ చేశాను. ఎనిమిదీ ముప్పావు.
కరెంటు పోయింది.
ఫోను వెలుతురులో, మందుల షాపు రసీదు వెనక
మళ్లీ చేశాను.
దొంగసొత్తులో కూడా తప్పులెక్క ఉంటుందని
అప్పటిదాకా నాకు తెలీదు.

తెల్లారేసరికి డెబ్బై తొమ్మిది అయ్యాయి.
మిగతా నలభై ఒకటీ
అక్షరాలుగానే మింగేశాను, నమలకుండా.

హాల్లో పేపరు తిప్పితే
మొదటి పేజీ నుంచే పాత చుట్టాలు.
పలకరించినట్టే ఉన్నాయి.
నా చెవులు వేడెక్కాయి.
అరవై రెండు దగ్గర ఆగాను.
ఆ 'సి' ఎవరిది?
దిద్దేవాడిదా, దొంగిలించినవాడిదా?
దిద్దేవాడిదే అయితే
నిజం రాస్తే నాకు సున్నా.
ముందు వరసలో నెకెసా జడలు వంగి ఉన్నాయి.
ఆమె పెన్సిలు ఆగలేదు.

'బి' గడిని నల్లగా నింపాను.

దీన్ని నిజాయితీ అనకండి.
మింగిన నలభై ఒకటీ
ఫైలు చెప్పినట్టే దించాను,
చెయ్యి కూడా వణకలేదు.
ఆ ఒక్క గడిలోనే నేను నర్సుని.

ఇద్దరం పాసయ్యాం.
నెకెసాకి బుసియాలో ఉద్యోగం.
అప్పుడప్పుడు ఫోను చేస్తుంది,
వానల గురించి మాట్లాడుకుంటాం.

పిల్లల వార్డులో ఇవాళ నాకు రాత్రి డ్యూటీ.
తూకం మీద తొమ్మిది కిలోల నూట యాభై,
ఏ ఫైల్లోనూ లేని బరువు.
తల్లి నా చేతినే చూస్తోంది,
తెలివైన బేరగత్తె
డబ్బా అడుగుని చూసినట్టు.
సిరంజిని కంటికి సమంగా ఎత్తి
మూడుసార్లు లెక్కేస్తాను.
ఇది నాకొచ్చు.

రానివి నలభై ఒకటి.
ఏ వార్డులో, ఏ మంచం మీద
నాకోసం మేలుకుని ఉన్నాయో.