రిమార్కుల గడి

రణస్థలం దాటాక, జీడితోటల వెనక
ఏడో నంబరు బావి.
చేద లేదు, గిలక లేదు.
మోకాలెత్తు లేచిన ఇనుము, చుట్టూ కంచె.

"నీళ్లు నేని బావికి ఇంత కాపలేటి బాబూ?"
జీడిపిక్కలేరుతూ తవిటమ్మ.
గ్యాసు దాచారు లోపల, అన్నాను.
నవ్వింది. "గాలిని దాస్తారేటి!"

రిజిస్టరు తెరిచాను.
గొట్టానికీ గొట్టానికీ నడుమ ఒత్తిడి: నలభై రెండు.
నిన్నా నలభై రెండే. మొన్న
తుపానుకి కరెంటు స్తంభాలు కూలిన రోజున కూడా
నలభై రెండు,
ఒకే పెన్ను, ఒకే వాలు.

గేజి అద్దం మీద వేలితో కొట్టాను.
ముల్లు కదల్లేదు.
చచ్చిన ముల్లుకి
పదకొండు నెలలుగా సంతకాలు పెడుతున్నారు.

"ఈ పక్కకి సీమలు రావట్లేదు బాబూ.
గడ్డి సూడు, కడియంలాగ గుండ్రంగా పండిపోనాది."

ముక్కు పెట్టి చూశాను. ఏమీ లేదు.
వాసన ఊళ్లోకి పంపే ముందు కలుపుతారు;
ఇక్కడింకా అది పేరు పెట్టని బిడ్డ.

సబ్బునీళ్లు వాల్వు మెడ మీద పోశాను.
ఒక బుడగ.
ఆగింది. ఉబ్బింది.
దాని వెనక ఇంకొకటి, జీడిపిక్కంత.

మేనేజరు కుప్పిలి గారు
టీ చల్లారిపోతోందన్నారు.
వచ్చే తనిఖీకల్లా మార్పించేస్తామన్నారు.
నేను చక్రం తిప్పుతూనే ఉన్నాను, కుడికి,
ఇక తిరగనంత వరకు.
అరచేతుల నిండా తుప్పు.

ఫారంలో చీమలకి గడి లేదు.
రిమార్కుల్లో రాశాను:
బావి మూసివేయడమైనది.
చీమలు లేవు.
తెలిపినవారు: తవిటమ్మ.

"నా పేరెందుకు రాసినావు బాబూ,
కూలేటైనా ఇత్తారా?"