గొడ్డలి పట్టే తీరు

బద్వేలు బస్టాండు గోడ మీద
మూడాళ్ల ఎత్తు హీరో.
భుజాన గొడ్డలి, నోట్లో బీడీ,
వెనకాల అడివంతా మంట.
వాదర మెడకాయ వైపు తిప్పి పట్టుకున్నాడు.
ఒక్క రాయి తగిలి తూలినాడంటే
సినిమా ఆణ్ణే ఐపోతాది.

మా అబ్బ ఉంటే గోడెక్కి సరిచేసేవాడు.
దావన నడిచేటప్పుడు
గొడ్డలి తల గుప్పిట్లో, వాదర నేలకు,
కామ వెనక్కి.
వెనక వచ్చేది పెండ్లామో బిడ్డో కదా.

అప్పట్లో లంకమల కింద కూపులు వేలం పాడేవాళ్లు.
పెద్ద కంట్రాక్టర్లు లారీలతో వచ్చి
దావ బాగున్నవన్నీ పాడుకొని పోతే
రాళ్లూ వంకలూ మిగిలిన పదిహేడో నంబరు
మాకు.
మాకంటే, అబ్బ గంగులప్ప, జేజి నాగసుబ్బమ్మ,
చిన్నబ్బ వుసేనప్ప,
రెండెద్దులు, ఒక రంపం,
ప్రొద్దుటూరు సేటు దగ్గర తెచ్చిన అప్పు.
అడివిలో మాతో పాటు పడుకునేది
ఆ అప్పొక్కటే.

కొట్టాల్సిన మానుకు ఆఫీసరు
సుత్తితో ముద్ర వేసి పోతాడు.
అబ్బ మళ్లీ మానునే అడుగుతాడు.
గొడ్డలి వీపుతో మూడు దెబ్బలు కొట్టి
చెవి ఆనించి వింటాడు.
డొల్ల పలికిందా, వదిలేస్తాడు.
"లోపల ఎవురో కాపరం ఉండారు" అంటాడు.
ఆ మానుకు కట్టిన దుడ్లు పోయినట్టే.
జేజి ఆ పొద్దంతా మాట్లాడదు.

కోత గుంత మీద జరుగుతాది.
పైన అబ్బ, కింద జేజి.
పైనోడికి గీత కనపడతాది, ఆకాశం కనపడతాది.
కిందున్నదానికి పొట్టు.
ఏగిస పొట్టు ఇటిక రంగు.
వేప పొట్టు నోట్లో పడితే
రెండు దినాలు సంగటి చేదు.
కొంగు ముఖానికి అడ్డం వేసుకొని
కండ్లు మూసుకొని లాగేదంట.
"ఇంటికొచ్చి తల దువ్వితే
దువ్వెనకు ఒక దూలం రాలేదే" అని
ఇప్పటికీ నవ్వుతాది.
నేను చూసిన ఏ సినిమాలోనూ
గుంతలో ఆడమనిషి లేదు.

సినిమాలో మేము రెండు రకాలు.
తుపాకి పేలితే మాట లేకుండా పడిపోయేవాళ్లు,
లేదా వందమందిని నరికేవాడు.
చెట్టు నరికేవాడు యాడా కనపడడు.
తిరునాళ్లలో ప్లాస్టిక్ గొడ్డలి అరవై రూపాయలు,
బటన్ నొక్కితే ఎర్ర లైటు, ఒక నవ్వు.
కడప టౌన్లో మా ఊరి పేరు చెప్తే
ఆటో పిల్లోడు "ఎర్రచందనమా అక్కా?" అని
అద్దంలో కన్ను కొడతాడు.
ముట్టింటే మిద్దె కట్టేవాళ్లం కదప్పా,
ఈ ఆటో ఎక్కి నీతో బేరం ఎందుకాడతాను?

మొన్న స్కూల్ డేకి
మా తమ్ముని కొడుకు లోహిత్‌కు అదే వేషం.
గడ్డం బాడుగకు తెచ్చినారు.
వాడు ఫోన్లో హీరో ఫొటో చూపించి
"తాత ఇట్లే ఉండేవాడా జేజీ?" అన్నాడు.
జేజి అద్దాలు సర్దుకొని చాలాసేపు చూసింది.
"గోర్లు ఇంత తెల్లగా ఉండాయే,
ఈ పిల్లోడికి అన్నం ఎవురు తినిపిస్తారు?"

నేనే వానికి పట్టడం నేర్పించినా,
చీపురుకట్ట కామగా,
వంటింటి నుంచి వాకిలి దాకా నడిపించి.

స్టేజి మీద అట్ట చెట్టు.
పక్కనుంచి టీచరు "కోపం, కోపం! డైలాగు చెప్పు" అంటాంది.
వాడు తల గుప్పిట్లో పట్టుకొని వచ్చి
గొడ్డలి వీపుతో అట్టను మూడుసార్లు తట్టి
చెవి పెట్టినాడు.
వెనక బెంచీలో ఎవురో ఈల మొదలుపెట్టి ఆపేసినారు.
అట్ట డొల్లే పలుకుతాది కదా.
వాడికి ఏం చెయ్యాల్నో తోచక
మావైపు చూసినాడు.
ఆ తర్వాత, టీచరు కోసమేమో, ఎత్తినాడు.

ప్రైజు టమాట వేషానికి వచ్చింది.

వాడు గొడ్డలి ఎత్తినప్పుడు
మూడో వరుసలో మా జేజి
కొంగు తీసి
ముఖానికి అడ్డం పెట్టుకునింది.