కిటికీ నుంచి ఆటోస్టాండు దాకా

బొబ్బిలి ఆర్డీవో ఆఫీసు హాల్లో కుర్చీలు నలభై.
బయట మేం నాలుగొందలమో ఎంతో, లెక్క ఎవడు పెట్టాడు.
మైకు ఉంది, దాని గొంతు గుమ్మం దాటి రాదు.
అందుకని మాటని చేతులు మార్చి తెచ్చుకున్నాం
మేస్త్రీకి ఇటుకలందించినట్టు.

కిటికీ దగ్గర రౌతు అసిరినాయుడు,
కడ్డీల మధ్య చెవి ఇరికించి.
వరండా స్తంభానికి ఆనుకుని సూరప్పడు.
తర్వాత టీకొట్టు జోగులు, వడగట్టే గుడ్డతో.
ఆఖర్న నేను, ఆటో మీద ఓ కాలేసుకుని.
నా వెనక గోడ నీడలో చిన్నమ్మలు.
ఆమెకి చెప్పడం నా వంతు.

హైదరాబాదు నుంచి ముగ్గురొచ్చారు.
మెడలో కార్డులు తీసి జేబులో దాచుకున్నారంట,
అసిరినాయుడు పంపిన మొదటి కబురు అది.
"ఒకడికి సెమట్లు పడతన్నాయి" అన్నది రెండోది.
టీకొట్టు దగ్గరికొచ్చేసరికి ముగ్గురికీ పట్టాయి.
నా దగ్గరికొచ్చేసరికి ఒకడు ఏడుస్తున్నాడు.
జనం నవ్వారు. నేనూ నవ్వాను.
పదకొండు నెలలు వాళ్ల గేటు ముందు మేం నిలబడ్డాం,
ఇవాళ వాళ్లు నిలబడ్డారు.
ఒక ముసలాయన ఆరిపోయిన చుట్టనే
ఎంతో ఇష్టంగా పీలుస్తున్నాడు.

ఫర్నేసు మూత సంగతి అడిగారు లోపల.
"ఆ ఫైలు నాదాకా రాలేదండి."
కిటికీ అంది: రానేదంట.
వరండా అంది: ఫైలే నేదంట.
టీకొట్టు అంది: మూతే నేదంట!
నేనన్నాను: మూత నేకండానే నడిపినారంట, ఒలమ్మా.
నాలుగు నోళ్లు మారి
అబద్ధం నిజమై దిగింది.
తవిటినాయుడు నైట్‌డ్యూటీ దిగొచ్చి
రోజూ చెప్పిన మాటే అది.

"గుర్తు లేదండి" మాత్రం ఎక్కడా అరగలేదు.
కిటికీలో ఎలా పుట్టిందో
ఆటో దగ్గర అలాగే దిగింది, కొత్త రూపాయి బిళ్లలా.
షిఫ్టు ఇన్‌ఛార్జి ఎవరు? గుర్తు లేదండి.
సైరన్ ఎన్నింటికి మోగింది? గుర్తు లేదండి.
జోగులు ఒక్కోదానికి ఒక్కో గ్లాసు బోర్లించాడు.
పద్నాలుగు దాటాక గ్లాసులు చాల్లేదు,
టీ అమ్మకం ఆగిపోయింది.

"ఆ రేత్రి నాను గోంగూరొండినాను,
ఉప్పెక్కువయ్యింది, నాకు గుర్తుంది"
అంది యాళ్ల పారమ్మ, ఎవరితోనూ కాదు.

ఒక కుర్రాడు రాయెత్తాడు.
కానిస్టేబులు కర్ర కూడా కదపలేదు.
"ఆ అద్దం మన డబ్బేరా తమ్ముడూ" అన్నాడు.
వాడు రాయిని కింద పెట్టలేదు,
జేబులో వేసుకున్నాడు.

పార్వతీపురం బస్సు పోయింది.
దాని దుమ్ము ఇంకా నేలకి దిగలేదు,
చిన్నమ్మలు మొదటిసారి నోరు తెరిచింది.
"పేరు సెప్పినాడేటి?"

ఎవరి పేరని నేనడగలేదు.
జోగులు అడగలేదు, సూరప్పడూ అడగలేదు.
ఆ మాట ఒక్కటే
ఎదురెక్కి, చిన్న గీత కూడా పడకుండా
కిటికీ చేరింది.

చాలాసేపు పట్టింది జవాబుకి.
"నలుగురు కాంట్రాక్టు లేబరు అన్నాడంట."
అంతే.
జోగులు గొంతు తగ్గించి చెప్పి
గుడ్డ పిండుకుంటూ అటు తిరిగాడు.

చిన్నమ్మలు ఒళ్లో స్టీలు క్యారేజీ,
పొద్దున్న పోసుకున్న చోడి అంబలి,
మూత తీయనేలేదు.
నా నోట్లో తడి లేదు.
"సెప్పినాడు" అన్నాను.
"లెంక తవిటినాయుడు అని. ఇంటిపేరుతో సహా."

తలూపింది.
మూత తీసి రెండు గుక్కలు తాగింది.

నాకు తట్టలేదు,
ఈ వరసకి రెండు వైపులా చెవులున్నాయని.
"ఇంటిపేరుతోటంట!" అన్నాడు జోగులు.
"ఇంటిపేరుతోటంట" అంది వరండా.
ఎవరో కండువా తీసి కళ్లకద్దుకున్నారు.
అది అలా పోయి పోయి
అసిరినాయుడి వీపు తట్టింది.

అన్నదంతా సొంత చెవితో విన్నవాడు అతనొక్కడే.
నాలుగొందల తలల మీంచి
నావైపు చూశాడు.
నేను హ్యాండిలు తుడుచుకుంటున్నాను.

తర్వాత మెల్లగా తిరిగి
తనే సరిగా వినలేదేమో అన్నట్టు
రెండు చేతులతో కడ్డీలు పట్టుకుని
మళ్లీ చెవి పెట్టాడు.