మొదటి రెండక్షరాలు

అచ్చుగదిలో ఎండాకాలం లేదు, చలికాలం లేదు.
సిరా వాసన ఒకటే ఋతువు.
నేను సోస్సియోని. నేపుల్స్‌లో అక్షరాలు పేర్చేవాణ్ణి.
ఊరు రేపు నిటారుగా చదివేదాన్ని
ఇవాళే తలకిందులుగా చదివినవాణ్ణి.

ఆ చలికాలం రాజు ఓడెక్కి పారిపోయాడు,
వేటకుక్కల్ని మాత్రం మరిచిపోలేదట.
జనవరిలో దోన్ ఒనోఫ్రియో నా గదికొచ్చాడు,
జ్యామితి చెప్పే పంతులు, జేబు నిండా సుద్దముక్కలు.
జడ కత్తిరించేసుకున్నాడు. మెడ వెనక
తెల్లగా, పసిపిల్లాడి మెడలా ఉంది.
"సోస్సియో, రిపబ్లిక్ వచ్చింది. పెద్దక్షరాలు తియ్యి."

తీశాను. అప్పుడే గమనించాను,
మా భాషలో రెపుబ్లికా అని పేర్చాలంటే
ముందు వేళ్లకి తగిలేది 'రె'.
రె అంటే రాజు.
చెబితే నవ్వాడు:
"రెండక్షరాలు ఆయనవి, ఎనిమిది మనవి.
లెక్క మనవైపే ఉంది."

రాత్రంతా కొవ్వొత్తి చుట్టూ వాళ్లు:
ఒక వైద్యుడు, ఇద్దరు వకీళ్లు, మఠం వదిలొచ్చిన సన్యాసి,
సముద్రపు నాచుల మీద పుస్తకం రాసిన దోన్నా ఫెలిచెట్టా.
ప్రజ అనే మాట ముందు విశేషణం ఉండాలా వద్దా అని
గొంతులు పోయేలా వాదించుకునేవాళ్లు.
కింద వీధిలో ఆ ప్రజ
రొట్టె కోసం వరసలో నిలబడి దగ్గేది.

చేపలమ్మే కార్మోజినా ఒకసారి మా కాగితం పట్టుకొచ్చింది,
అందులో సార్డీన్లు చుట్టి.
"ఎవరిచేతో చదివించుకున్నా.
ఈ సార్వభౌమత్వం ఏ ఊరి సెయింటు? పండగ ఏ నెల?
దీపం పెడితే పిండి ధర దిగుతుందా?"
ఎవరూ నవ్వలేదు.
దోన్ ఒనోఫ్రియో బల్ల మీద సుద్దతో వలయం గీశాడు:
"చూడమ్మా, అంచున ఎక్కడ నిలబడ్డా
మధ్యకి ఒకటే దూరం."
ఆమె చాలాసేపు చూసింది.
"మధ్యలో ఎవరున్నారు?" అంది.

ఆ రాత్రి ఆయన దగ్గర జవాబు లేదు.
మరుసటి సంచికలో ఒక పేరా ఖాళీగా వదలమన్నాడు.
ఖాళీని పేర్చడం కూడా పనే.
ఎత్తు తక్కువ సీసం ముక్కలు పెట్టాలి,
కాగితానికి తగలకుండా.

జూన్ వచ్చింది. ఫ్రెంచి సైనికులు అప్పటికే వెళ్లిపోయారు,
మా వెండి గరిటెలతో సహా.
మాదలేనా వంతెన అవతల ధూళి,
ధూళిలో శిలువలు, కొడవళ్లు.
అక్షరాలు కరిగించాం.
తూటాకి ఓ పదిహేను పట్టాయి.
ఏ మాట ఎవరి ఛాతీలోకి వెళ్లిందో
ఏ దిద్దుబాటుదారుడూ చెప్పలేడు.

దోన్ ఒనోఫ్రియో గుర్రపు వెంట్రుకల దొంగజడ కట్టుకున్నాడు.
సెయింట్ ఆంటోనీ పండగనాడు సందు మలుపులో
ఎవరో పట్టుకుని లాగారు.
జడ చేతికొచ్చింది. అదే సాక్ష్యం.
లాగినవాడు కార్మోజినా కొడుకంటారు.
నేను చూడలేదు.
చూడలేదనే చెబుతాను.

తర్వాత పలెర్మో నుంచి కొత్త అక్షరాలు దిగాయి,
పదునుగా, మెరుస్తూ, ఏ పాపమూ తెలియనట్టు.
శిక్షల జాబితా పేర్చమన్నారు.
పేర్చాను. నాకు నలుగురు పిల్లలు.
ఒనోఫ్రియో పేరులో మూడు 'ఓ'లున్నాయి.
మెర్కాతో మైదానంలో ఆయన మెడకి
ఒకటే సరిపోయింది.

జాబితా నెత్తిన పెద్దక్షరాల్లో రాజు ఉండాలి.
'రె' పెట్టాను.
చెయ్యి దానంతటదే 'పి' గడివైపు వెళ్లింది.
గడి అంచు మీద ఆగింది.
సీసపు ఖాళీముక్కలు తీసి
ఎనిమిది అక్షరాల వెడల్పు కొలిచి బిగించాను.

ఇక్కడింత తెల్లగా ఎందుకొచ్చిందని మేస్త్రీ అడిగాడు.
కొత్త సీసం కదా,
చేతికింకా అలవాటు కాలేదన్నాను.